నెల్లూరులో చూడ్డానికి ఏముంది? రెండు రోజుల్లో ఊరి చరిత్ర చూసే పద్ధతి

సంక్రాంతి సెలవులు దగ్గర పడితే చాలు, నాకు ఒకటే ప్రశ్న వస్తుంది. "నెల్లూరుకి పెళ్లికి వస్తున్నాం. రెండు రోజులుంటాం. చేపల పులుసు, మలై కాజా, మైపాడు బీచి... ఇవి సరే. అది కాక చూడ్డానికి ఏమన్నా ఉందా?" ఒక్కొక్కరికి ఫోన్లో చెప్పీ చెప్పీ, ఈసారి మొత్తం రాసి పెడుతున్నాను.

ఉంది, చాలానే ఉంది. హంపిలోలాగా గేటు, టికెట్టు, గైడు మాత్రం ఇక్కడ ఉండవు. ఊరి చుట్టూ ఉండిన మట్టికోట పోయింది. ఉదయగిరి కోట నుంచి తరలిన బాలకృష్ణుడి విగ్రహం మద్రాసు మ్యూజియంలో ఉంది. ఊళ్లో మిగిలిన చరిత్ర గుడి గోడల మీది రాతల్లో, చెరువు కట్టమీద, పేటల పేర్లలో ఉంది. ఎక్కడ నిలబడి దేనివైపు చూడాలో ముందే తెలుసుకుని వస్తే రెండు రోజులు చాలవు. తెలియకుండా వస్తే రెండు గంటల్లో అయిపోతుంది.

ఏమేం కావాలి

- పాత చెప్పులు, సులువుగా విప్పి తొడుక్కునేవి. గుడి, దర్గా, మళ్లీ గుడి అని రోజుకు పదిసార్లు విప్పాల్సి వస్తుంది.
- చిన్న నోటు పుస్తకం, పెన్ను. ఫోన్లో రాసుకుంటాం అంటారు గానీ ఎండలో స్క్రీన్ కనపడదు.
- ఫోను, పవర్ బ్యాంక్. ఫోను టార్చి బాగా వెలగాలి. దాంతో పెద్ద పనే ఉంది.
- పిల్లలు బడికి తీసుకుపోయే ఒక అడుగు స్కేలు.
- తల మీదికి తువ్వాలు, మనిషికి రెండు లీటర్ల నీళ్లు. ఉదయగిరి ఎక్కేట్టయితే మూడు.
- ఆటోకి, పూజారి పళ్లెంలోకి చిల్లర.

సుద్దముక్క, నూనె, బొగ్గు మాత్రం తేవద్దు. అక్షరాలు బాగా కనపడతాయని శాసనాల మీద సుద్ద రుద్దేవాళ్లను నేను కళ్లారా చూశాను. రాయి పాడవుతుంది. రక్షిత కట్టడం అయితే నేరం కూడా.

1. ముందు నెల చూసుకోండి

డిసెంబరు రెండో సగం నుంచి ఫిబ్రవరి దాకా మంచిది. మనకు వాన పడేది ఈశాన్య రుతుపవనాల్లో. అక్టోబరు, నవంబరుల్లో తుపాను పట్టిందంటే మూడు రోజులు గదిలోనే కూర్చోవాలి. ఏప్రిల్ దాటాక ఊరి నడక పొద్దున తొమ్మిదికల్లా ముగించేయాలి. రోహిణి కార్తెలో ఉదయగిరి ఎక్కుతామని ఎవరైనా అంటే, వద్దని గట్టిగా చెప్పండి.

మొహర్రం రోజుల్లో బారా షహీద్ దర్గా దగ్గర జరిగే రొట్టెల పండుగ కోసమే వచ్చేవాళ్లు మొహర్రం ఎప్పుడో క్యాలెండర్లో చూసుకోండి. ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి పోయిన ఏడాది తేదీ నమ్ముకుని టికెట్ తీయకూడదు. ఆ రోజుల్లో గదులు దొరకవు, ఊరంతా జనమే. గుళ్లు, శాసనాలు నిదానంగా చూడాలంటే ఆ వారం వదిలేయండి.

2. ముందురోజు రాత్రి ఒక గంట కేటాయించండి

పుస్తకాలు తిరగెయ్యక్కర్లేదు. ఈ నాలుగు సంగతులు నోటు పుస్తకంలో రాసుకుంటే చాలు.

ఒకటి, ఊరి పాత పేరు విక్రమసింహపురి. 13వ శతాబ్దంలో ఇక్కడ తెలుగు చోడులు ఏలారు. వాళ్లలో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్నవాడు తిక్కన. భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేసింది ఆయనే. మనుమసిద్ధికి రాజ్యం చేజారినప్పుడు తిక్కన ఓరుగల్లు వెళ్లి కాకతి గణపతిదేవుడి సాయం తెచ్చాడని చెప్పుకుంటారు.

రెండు, కవి తిక్కన వేరు, ఖడ్గ తిక్కన వేరు. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు, ఒకే కాలం వాళ్లు. పుల్లరి (పశువుల మేతకు కట్టే పన్ను) గొడవలో గొల్లల నాయకుడు కాటమరాజు మీద పంచలింగాల దగ్గర కత్తి పట్టింది ఖడ్గ తిక్కన. యుద్ధం నుంచి వెనక్కి వచ్చేసిన మగడిని ఎత్తిపొడుస్తూ స్నానానికి మంచం అడ్డం పెట్టి, పసుపు ముద్ద ఉంచారనే కథ ఆయనదే. ఈ రెండు పేర్లు కలిపేసి పిల్లలకు చెప్పే పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు.

మూడు, 1514లో కృష్ణదేవరాయలు ఒడిశా గజపతి రాజుల చేతిలోంచి ఉదయగిరి కోట గెలుచుకున్నాడు. ముట్టడి ఏడాదిన్నర సాగింది.

నాలుగు, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారు.

మీరు వచ్చే రైలు పేరు కూడా ఒకసారి చూసుకోండి. పినాకిని అంటే పెన్న, సింహపురి అంటే ఈ ఊరే.

3. మొదటి రోజు పొద్దున ఆరున్నరకు రంగనాయకులపేట చేరండి

తల్పగిరి రంగనాథస్వామి గుడి పెన్న ఒడ్డున ఉంది. నేరుగా గర్భగుడి క్యూలోకి పోకండి. మొదట గాలిగోపురానికి యాభై అడుగుల దూరంలో నిలబడి పైకి చూడండి. ఎత్తు 70 అడుగులు, పైన ఏడు కలశాలు. గోపురం కట్టించింది యెరగుడిపాటి వెంకటాచలం పంతులు. పొద్దుటెండ తగిలేటప్పుడు ఫోటో తీసుకుంటే బొమ్మలు విడివిడిగా కనపడతాయి. మధ్యాహ్నం తీస్తే అంతా ఒకటే తెల్లటి ముద్ద.

దర్శనం అయ్యాక అద్దాల మండపం చూసి, ఏటివైపు వెళ్లండి. నీళ్లుంటాయా ఉండవా అన్నది ఆ ఏటి అదృష్టం. నీళ్లు లేకపోయినా ఇసుక వైపు చూస్తూ ఐదు నిమిషాలు నిలబడండి. కర్ణాటకలో నందికొండల దగ్గర పుట్టి, అనంతపురం, కడప దాటుకుని 597 కిలోమీటర్లు నడిచొచ్చిన ఏరు ఇంకాస్త ముందుకు పోతే సముద్రంలో కలిసిపోతుంది. ఈ ఊరు, ఈ వరి, ఈ గుళ్లు అన్నీ ఆ నీళ్ల వల్లే వచ్చాయి. 19వ శతాబ్దంలో తెల్లదొరలు ఇక్కడా, పైన సంగం దగ్గరా ఆనకట్టలు కట్టారు. మొలగొలుకులు బియ్యానికి నెల్లూరు పేరు పడింది ఆ నీళ్ల మీదే.

జాగ్రత్త: గుళ్లు సుమారు పన్నెండు నుంచి నాలుగు దాకా మూసి ఉంటాయి. నేను ఒకసారి హైదరాబాదు నుంచి వచ్చిన చుట్టాలను భోజనం చేయించి మరీ ఒంటిగంటకు తీసుకెళ్లాను. తొమ్మిదిమంది, అందులో ఒక పెద్దావిడ, కాలే రాళ్ల మీద మూసిన తలుపు ముందు నిలబడ్డాం. అప్పటినుంచి గుడి ముందు, అన్నం తర్వాత అని పెట్టుకున్నాను.

4. ఒక్క శాసనమైనా దగ్గరగా చూడండి

ఇది తొందరపడే పని కాదు. మొత్తం ప్రయాణంలో ఇదొక్కటి సరిగా చేసినా మీ రాక వృథా పోదు. పాత గుళ్లలో గోడల అడుగు వరసల్లో, గుమ్మాల పక్క రాళ్ల మీద, ప్రాకారంలో విడిగా నిలబెట్టిన బండల మీద వెతకండి. చాలాచోట్ల సున్నం, రంగు పొరలు పడి అక్షరాలు పూడిపోయి ఉంటాయి. గీతల్లాగా కనపడితే దగ్గరికెళ్లండి.

అక్కడ చేయాల్సింది ఇది.

అ) ముందు పూజారినో, ఆఫీసులో ఉన్నవాళ్లనో అడగండి. "అయ్యా, ఈ రాతిమీది రాత ఫోటో తీసుకోవచ్చా?" అంటే చాలా చోట్ల కాదనరు. గర్భగుడి వైపు కెమెరా తిప్పొద్దు.

ఆ) టార్చిని రాయికి ఎదురుగా పట్టుకోవద్దు. ఎదురుగా వెలుగు పడితే గుంటలు, మిట్టలు ఒకేలా తెల్లబడిపోతాయి. ఫోనును రాయి అంచుకు ఆనించి, వెలుగు రాయి మీద పాకేట్టు పక్క నుంచి వేయండి. అప్పటిదాకా నున్నగా కనపడిన రాయి మీద ఒక్కో అక్షరం గుంటలో నీడ నింపుకుని పైకి లేస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది. "స్వస్తి శ్రీ" అన్న రెండు ముక్కలు నా కంటికి ఆనినప్పుడు ఎవరో పక్కన నిలబడి పలికినట్టే ఉంది.

ఇ) టార్చి ఒకరు, కెమెరా ఒకరు పట్టుకోవాలి. మొదట రాయి మొత్తం ఒక ఫోటో. తర్వాత పై నుంచి కిందికి ముక్కలు ముక్కలుగా, ఒక ముక్కలో ఉన్న ఆఖరి వరస తర్వాతి ముక్కలో కూడా వచ్చేట్టు తీయండి. స్కేలు పక్కన పెడితే అక్షరం కొలత తెలుస్తుంది.

ఈ) ఏ లిపో చూడండి. ఇక్కడ చాలామంది నిరాశ పడతారు. తెలుగు ఊళ్లో తమిళ శాసనాలేంటి అని. నెల్లూరు సీమలో చోళుల కాలం రాతలు బోలెడు తమిళంలోనే ఉన్నాయి. ఊరి పేరు కూడా అటువైపే చూస్తుంది. తమిళంలో నెల్లి అంటే ఉసిరి, నెల్ అంటే వడ్లు. రెండూ ఈ ఊరికి అతుకుతాయి.

ఉ) తెలుగు శాసనంలో "శకవర్షంబులు" అన్న మాట, దాని పక్కన అంకె దొరికితే దానికి 78 కలపండి. మనకు అలవాటైన సంవత్సరం వస్తుంది. తమిళ శాసనంలో తరచు శకం ఉండదు, రాజు ఏలుబడిలో ఎన్నో ఏడు అన్నది ఉంటుంది. అప్పుడు రాజు ఎవరో తెలిస్తే తప్ప లెక్క కుదరదు. ఊహించి రాసుకోవద్దు.

చదివింది సరైందో కాదో ఎలా తెలుస్తుంది? శకం పక్కన సంవత్సరం పేరు ఉంటుంది కదా, అదే సాక్షి. ఉదాహరణకు శక 1436. దానికి 78 కలిపితే 1514. ఆ ఏడు భావ. అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. మనకు తెలిసిన భావ 1994లో వచ్చింది. 1994లోంచి 1514 తీసేస్తే 480, అరవైకి సరిగ్గా ఎనిమిది రెట్లు. లెక్క కుదిరింది. మీరు చదివిన అంకె, పేరు ఇలా కుదరకపోతే అంకెను తప్పు చదివారన్నమాట. 3ను 2 అనుకోవడం మామూలే. ఫోటో మళ్లీ చూడండి. ఒక ఏడాది తేడా వస్తే కంగారు పడొద్దు. ఉగాదికి ముందు నెలలూ, నడుస్తున్న ఏడు, గడిచిన ఏడు అనే లెక్కా అలా తేడా తెస్తాయి.

ఇంటికెళ్లాక సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది. నెల్లూరు జిల్లా శాసనాలు మూడు సంపుటాలుగా 1905లోనే మద్రాసులో అచ్చయ్యాయి. బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కూర్చారు. ఇంటర్నెట్లో స్కాన్ కాపీలు దొరుకుతాయి. ఊరి పేరుతో వెతికి మీ రాయి అందులో ఉందేమో చూడండి. అప్పటి తాలూకాల ప్రకారం అమర్చారు కాబట్టి ఇప్పటి మండలం పేరుతో వెతికితే దొరకదు. కనిగిరి, పొదిలి, దర్శి, కందుకూరు 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడే దాకా నెల్లూరు జిల్లావే. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం పేరు పెట్టారు. ఇటు గూడూరు, వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లా వైపు వెళ్లాయి.

5. అక్కడి నుంచి మూలాపేటకు నడవండి

ఆటో ఎక్కొద్దు. దారిలో ఇడ్లీనో, కారం దోశో తినేసి నడవండి.

మూలస్థానేశ్వరుడి గుడికి ఒక కథ ఉంది. ముక్కంటి రాజుకు ఉసిరిచెట్టు కింద లింగం కనపడిందట. నెల్లి అన్న మాటకు ఊళ్లో చెప్పుకునే మూలం అదే. కథను కథగా వినండి, పుస్తకంలో "స్థలపురాణం" అని పైన రాసి పెట్టుకోండి. శాసనంలో చదివింది ఇంకో పేజీలో రాయండి. రెండూ ఒకే పేజీలో కలిసిపోతే, ఆర్నెల్ల తర్వాత ఏది విన్నారో ఏది చూశారో మీకే తెలియదు. ఊరు చూసి వచ్చినవాళ్లు నాకు చూపించే నోటు పుస్తకాల్లో నేను చూసే పెద్ద తప్పు ఇదే.

మూలాపేటలోనే వేణుగోపాలస్వామి గుడి ఉంది. హడావిడిగా దండం పెట్టుకుని పోయే గుడి కాదు. 1946లో పొట్టి శ్రీరాములు ఈ గుడిలోకి దళితులకు ప్రవేశం కావాలని నిరాహారదీక్ష చేశారు. ఆంధ్ర రాష్ట్రం కోసం 1952 అక్టోబరు 19న మద్రాసులో మొదలుపెట్టి, డిసెంబరు 15న ప్రాణం విడిచిన దీక్ష అందరికీ తెలుసు. అంతకు ఆరేళ్ల ముందు దీక్ష ఈ వీధిలో జరిగిందని ఊళ్లో పుట్టిన పిల్లలకే చాలామందికి తెలియదు. 2008లో జిల్లాకు ఆయన పేరు పెట్టారు. గుమ్మం దగ్గర నిలబడి పిల్లలకు ఆ ఒక్క సంగతి చెప్పండి. అది వినే వయసు వాళ్లకు ఎప్పుడో వచ్చేసింది.

6. పేటల పేర్లు చదువుకుంటూ తిరగండి

మూలాపేట నుంచి పెద్దబజారు, చిన్నబజారు, సంతపేట, కోటమిట్ట... ఇక్కడ చూడాల్సిన కట్టడాలు తక్కువ, పేర్లు ఎక్కువ. మనవైపు మిట్ట అంటే ఎత్తు నేల. ఒకప్పుడు ఊరికి మట్టిగోడ కోట ఉండేది. 1757లో ఆర్కాటు నవాబు తమ్ముడు నజీబుల్లా ఇక్కడ తిరగబడితే, ఈస్టిండియా కంపెనీ సైన్యంతో వచ్చిన కర్నల్ ఫోర్డ్ ఈ కోటను పట్టలేక వెనక్కి పోయాడు. ఇప్పుడు ఆ గోడ కోసం వెతక్కండి, టైం పోతుంది. పేరు మిగిలింది, ఆ పేరు చాలు. స్టోన్‌హౌస్‌పేట కంపెనీ కాలం కలెక్టరు పేరు మీద ఉన్న పేట.

ట్రంకు రోడ్డుకు వస్తే వీఆర్ కాలేజీ. వెంకటగిరి రాజాల పేరు మీద 1875లో బడిగా మొదలై, 1920లో కాలేజీ అయింది. రేబాల లక్ష్మీనరసారెడ్డి పురమందిరం కూడా బయట నుంచి చూసి వెళ్లండి. నాటకాలు, సభలు ఆ కప్పు కిందే జరిగాయి.

కాళ్లు లాగితే ఈ మెట్టు వదిలేయొచ్చు. మూడోదీ నాలుగోదీ వదలొద్దు.

మధ్యాహ్నం అన్నం తిని పడుకోండి. నిజంగానే పడుకోండి. సాయంత్రానికి ఓపిక కావాలి.

7. సాయంత్రం ఐదుకు స్వర్ణాల చెరువు, బారా షహీద్ దర్గా

బారా అంటే పన్నెండు. పన్నెండుమంది అమరుల సమాధులు ఇక్కడ ఉన్నాయి. దర్గామిట్ట అన్న పేరు దీన్నుంచే వచ్చింది. తల మీద తువ్వాలో రుమాలో వేసుకుని, చెప్పులు బయట విడిచి వెళ్లండి.

రొట్టెల పండుగ రోజుల్లో వస్తే చెరువు నీళ్లలో ఆడవాళ్లు రొట్టెలు పట్టుకుని నిలబడి ఉంటారు. "ఉద్యోగం రొట్టె!", "పెళ్లి రొట్టె!", "ఇంటి రొట్టె!" అని పిలుస్తుంటారు. కోరిక ఉన్నవాళ్లు ఆ రొట్టె అందుకుంటారు. కోరిక తీరాక, మళ్లీ ఏడాది వచ్చి అదే పేరుతో రొట్టె వదులుతారు. ఇది వేడుక చూడ్డం లాంటిది కాదు. నీళ్లలో దిగినవాళ్లలో బిడ్డ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసినవాళ్లు ఉంటారు. మొహం దగ్గర కెమెరా పెట్టి ఫోటోలు తీయకండి. మీకే ఏదన్నా కోరిక ఉంటే దిగి అడగండి, నీ కులమేంది మతమేంది అని ఎవరూ అడగరు.

మామూలు రోజుల్లో అయితే చెరువు కట్టమీద పొద్దు వాలేదాకా కూర్చోండి. మొదటి రోజు అక్కడితో సరి.

8. రెండో రోజు: రెండు దారుల్లో ఒకటి ఎంచుకోండి

ఒకే రోజు రెండూ చుట్టేస్తాం అనుకుంటారు. చుట్టొచ్చు, కానీ ఏదీ చూసినట్టుండదు.

మొదటి దారి, తూర్పుకు పల్లిపాడు. మైపాడు బీచికి పోయే వైపే, ఇందుకూరుపేట మండలంలో పెన్న ఒడ్డున ఉంటుంది. గాంధీజీ ప్రారంభించిన ఆశ్రమం ఇదే. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య నడిపారు. నేల ఇచ్చింది పొట్లపూడి పొణకా కనకమ్మ. దక్షిణాఫ్రికాలో గాంధీజీకి తోడుగా ఉన్న పార్సీ రుస్తుంజీ ఇచ్చిన డబ్బుతో ఇక్కడ భవనం లేచింది. కనకమ్మ 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం కూడా పెట్టారు. బడి చదువు పెద్దగా లేకుండా పెరిగిన మనిషి, ఆడపిల్లల చదువు కోసం ఆస్తి ధారపోసింది. నాకు ఈ జిల్లాలో ఎవరి పేరు తలుచుకుంటే గుండె నిండుతుందంటే ఆమె పేరే. ఆశ్రమం చూసుకుని, సాయంత్రం మైపాడు బీచికి పోతే పిల్లలూ సంతోషిస్తారు.

ఇక్కడ జరిగే తప్పు: బీచి ముందు, ఆశ్రమం తిరుగుదారిలో అని పెట్టుకోవడం. తడి బట్టలతో, ఇసుక కాళ్లతో, చీకటి పడే వేళకు గేటు దగ్గరికి చేరతారు. ఆశ్రమమే ముందు పెట్టుకోండి.

రెండో దారి, పడమరకు నరసింహకొండ, జొన్నవాడ. ఊరికి పదిహేను కిలోమీటర్ల లోపే. నరసింహకొండ మీద వేదగిరి లక్ష్మీనరసింహస్వామి గుడి, కొండ మీద ఏడు కోనేళ్లు. కశ్యపుడు ఇక్కడ యజ్ఞం చేశాడని స్థలపురాణం. కొండ మీద నుంచి పెన్న అవతలి ఒడ్డున జొన్నవాడ కామాక్షమ్మ గుడి వైపు చూడండి. ఆ ఊరి పేరులో జొన్నలు లేవు. యజ్ఞానికి తెలుగు మాట జన్నం. జన్నం జరిగిన చోటు జన్నవాడ, నోట్లో నలిగి జొన్నవాడ అయిందని చెబుతారు. రెండు ఒడ్ల కథ ఒకటే కాబట్టి ఒకటి చూసి రెండోది వదిలేయకండి. పొద్దున కొండ, పదకొండు లోపు అమ్మవారు. ఈ వరసలో వెళ్తే మూసిన తలుపు చూడాల్సిన పని ఉండదు. కొండ మీద కోతులున్నాయి, చేతిలో కవరు పట్టుకుని తిరగొద్దు.

9. మూడో రోజు దొరికితే ఉదయగిరి

నెల్లూరు నుంచి ఆత్మకూరు మీదుగా వంద కిలోమీటర్ల దగ్గర. బస్సులు నెల్లూరులోనే ఉన్న ఆత్మకూరు బస్టాండు నుంచి దొరుకుతాయి. ఫోన్లో దారి పెట్టుకునేటప్పుడు పక్కన నెల్లూరు అని తప్పకుండా కొట్టండి. ఒడిశాలో ఒక ఉదయగిరి, మధ్యప్రదేశ్‌లో ఒక ఉదయగిరి ఉన్నాయి. రెండూ గుహలకు పేరున్నవే కాబట్టి ఫోటోలూ, సమాచారం అవే ముందు వస్తాయి. గుహల ఫోటో చూసి, మన ఉదయగిరిలో గుహలు వెతికిన కుటుంబం ఒకటి నాకు తెలుసు. మన దగ్గర గుహాలయాలు కావాలంటే అవి భైరవకోనలో ఉన్నాయి. ఉమ్మడి ప్రకాశం జిల్లా సీఎస్ పురం మండలం, రాతిని తొలిచిన ఎనిమిది గుళ్లు. అది వేరే రోజు పని.

కొండ సముద్రమట్టానికి 3,079 అడుగులు. ఎక్కడం పొద్దున ఆరుకు మొదలవ్వాలి. పైన అంగళ్లు లేవు. పొదలు పెరిగి దారి తప్పే చోట్లు ఉన్నాయి కాబట్టి కింద ఊళ్లో తెలిసిన మనిషిని ఒకరిని మాట్లాడుకోండి. ఎంతివ్వాలో ముందే అనుకోండి, పైన టెన్షన్ ఉండదు. కూలిన గోడల మీద ఎక్కి ఫోటోలు దిగొద్దు. రాళ్లు వదులుగా ఉంటాయి.

పైన నిలబడినప్పుడు ఆ ఏడాదిన్నర గుర్తు తెచ్చుకోండి. కింద మైదానంలో రాయల గుడారాలు, పైన గజపతి సైనికులు. ఈ గోడలు చూశాక అంతకాలం ఎందుకు పట్టిందో కాళ్లకే తెలుస్తుంది.

ఎక్కలేనివాళ్లు బాధపడక్కర్లేదు. ఉదయగిరి ఊళ్లో చెక్క గరిటెలు, చెంచాలు చేసే కుటుంబాలున్నాయి. భౌగోళిక గుర్తింపు పొందిన పని. పక్కనున్న అడవుల కలపతో చేతి పనిముట్లతో చెక్కుతారు. పని జరిగే చోట కూర్చుని ఒక చెంచా తయారవడం మొదటినుంచి చివరిదాకా చూడండి. కొనేటప్పుడు వేలితో అంచు తడిమి చూడండి, ఎక్కడా గీసుకోకూడదు. ఇంటికెళ్లాక నీళ్లలో నానబెట్టకుండా వెంటనే కడిగి తుడవాలి.

కావలి వైపు నుంచి వచ్చేవాళ్లకు కలిగిరి తగులుతుంది. సారా వ్యతిరేక ఉద్యమానికి ఊపిరి పోసిన దూబగుంట ఆ మండలంలోదే. 1990ల మొదట్లో జరిగిందే అయినా అదీ ఈ జిల్లా చరిత్రే.

10. మ్యూజియం కావాలంటే

పిల్లలకు గాజు పెట్టెలో వస్తువులు చూపించాలి అనేవాళ్లకు రెండు దార్లు. ఒంగోలు దగ్గర కనుపర్తిలో పురావస్తు శాఖ వాళ్ల చిన్న మ్యూజియం ఉంది, ఆ చుట్టుపక్కల దొరికిన పాత శిల్పాలు ఉంటాయి. తెరిచి ఉంటుందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కుని వెళ్లండి.

రెండోది మద్రాసు ఎగ్మూరులో ప్రభుత్వ మ్యూజియం. నెల్లూరు నుంచి రైల్లో పొద్దున పోయి రాత్రికి రావచ్చు. శుక్రవారం సెలవు, ఆ రోజు పోకండి. ఉదయగిరి గెలిచాక రాయలు అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరం తీసుకెళ్లి, హంపిలో గుడి కట్టి నిలిపాడు. ఆ విగ్రహం ఇప్పుడు ఈ మ్యూజియంలో ఉంది. ఉదయగిరి ఎక్కిన తర్వాతే ఇక్కడికి రండి. కొండ చూడకుండా వస్తే అది వంద విగ్రహాల్లో ఒకటి. కొండ చూసి వస్తే మన ఊరి బిడ్డను పరాయి ఊళ్లో చూసినట్టుంటుంది.

పొలాల్లో ఏమన్నా దొరికితే ఏం చేయాలని కూడా కొందరు అడిగారు. 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలింది. అడుగున కుండలో రోమన్ చక్రవర్తుల బంగారు నాణేలు. అమ్మినవి అమ్మగా చాలావరకు కరిగిపోయాయి, కొన్నే మిగిలాయి. మీకు నాణెమో, రాగిరేకో, శిల్పమో దొరికితే కడగొద్దు, రుద్దొద్దు, అమ్మొద్దు. ఉన్నచోటే ఫోటో తీసి తహసీల్దారు ఆఫీసులో చెప్పండి.

11. చూశామా, తిరిగామా? సరిచూసుకోండి

రైలు కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు ఫోన్ లోపల పెట్టి, నోటు పుస్తకంలో ఒక ఖాళీ పేజీ తీయండి. పైన అడ్డంగా పెన్న గీయండి. దాని కింద రంగనాయకులపేట, మూలాపేట, కోటమిట్ట, స్వర్ణాల చెరువు ఎక్కడెక్కడో చూడకుండా పెట్టండి. ఒక్కోదాని పక్కన మీరు కంటితో చూసింది ఒక్క ముక్క రాయండి. విన్నది వద్దు, చూసిందే. ఆ తర్వాత మ్యాపు తెరిచి పోల్చుకోండి. చెరువు ఏటివైపు పెట్టేసినవాళ్లు ఆటోలో తిరిగారని అర్థం.

శాసనం ఫోటోల్లో ప్రతిదానికీ గుడి పేరు, ఏ వైపు గోడ, తేదీ ఆ పూటే రాయండి. మర్నాటికి వాయిదా వేస్తే రాళ్లన్నీ ఒకేలా కనపడతాయి. చదవలేకపోయిన ఫోటోలను కూడా చెరపకండి. నా దగ్గర మూలాపేటలో పదకొండేళ్ల కిందట తీసిన ఒక రాయి ఫోటో ఉంది, మధ్యాహ్నం ఎండలో తీసింది. మూడో వరస ఇప్పటికీ అంతుచిక్కలేదు. వచ్చే మార్గశిరంలో తెల్లవారుజామున టార్చి పట్టుకుని మళ్లీ వెళ్తున్నాను.